పొగ ఎటు పోవాలి?

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండో యూనిట్ 2016లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టాయి. తాడిచర్ల గని బొగ్గూ సింగరేణి బొగ్గూ అక్కడ మండుతాయి. అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరాన, జనగామలో మూడో అంతస్తు ఫ్లాటులో ఎవరో కరెంటు గ్రిల్లుకు ప్లగ్గు పెట్టి అరకిలో చికెన్ కాల్చుకుంటారు. 1500 వాట్ల గ్రిల్లు నలభై నిమిషాలు ఆగకుండా నడిస్తే ఒక యూనిట్ కరెంటు అవుతుంది. ఆ ఒక్క యూనిట్ పుట్టడానికి మన థర్మల్ కేంద్రాల్లో సుమారు 600 నుంచి 700 గ్రాముల బొగ్గు కావాలి. లెక్క చూస్తే పళ్ళెంలోని చికెన్ కంటే దాన్ని కాల్చిన బొగ్గే బరువెక్కువ. గ్రిడ్‌లో కలిసిన కరెంటును ఇది ఫలానా ఊరిదని వేరు చేయలేం, నిజమే. కానీ తెలంగాణలో వాడే కరెంటులో పెద్ద వాటా బొగ్గుదే. అందుకే డబ్బా మీద "పొగ రాదు" అని అచ్చేసిన గ్రిల్లుకు కూడా ఎక్కడో ఒక పొగగొట్టం ఉంటుంది.

ఇంట్లో కాల్చుకునే గ్రిల్లు ఎలా పుట్టిందని ఆరా తీస్తే ప్రతి మలుపులోనూ ఇదే పేచీ కనిపిస్తుంది. నిప్పు కావాలి, పొగ వద్దు. మరి పొగ ఎటు పోవాలి? దీనికి ఒక్కో కాలంలో ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. ఇవాళ దుకాణంలో వరసగా పెట్టిన గ్రిల్లులన్నీ ఆ జవాబులే.

మన దగ్గర ఈ ప్రశ్నకు పాత రోజుల్లో జవాబు అక్కర్లేదు. కాల్చే పనంతా వాకిట్లోనే జరిగేది. మక్క కంకులు, పల్లికాయ, ఎండు చేపలు, పచ్చడికి వంకాయ, ఈకలు పీకిన నాటుకోడిని మంట మీద తిప్పడం, అన్నీ ఆరుబయటే. పొగ గాలికి పోయేది. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ ఒకే రోజు జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఆఫీసులు వచ్చాయి, వాటి వెంట ఉద్యోగులు, ఉద్యోగుల కోసం అద్దె ఫ్లాట్లు. వాకిలి ఉన్నచోట బాల్కనీ మిగిలింది. బాల్కనీలో మక్క కంకి కాల్చబోతే పొగ పోయేది పైఅంతస్తువాళ్ళు ఆరేసిన బట్టల మీదికి.

అసలు ఆ పొగలో ఏముందో చూడాలి. మాంసం కాలడంలో రెండు పనులు జరుగుతాయి. మొదటిది, పైపొరలోని తడి ఆరిపోయి వేడి 140 డిగ్రీల సెల్సియస్ దాటాక మాంసకృత్తులు, చక్కెరలు కలిసి ఎర్రబడటం. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కమీయ్ మయార్ 1912లో ఈ చర్యను వివరించాడు, ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. రెండోది, కరిగిన కొవ్వు చుక్క నిప్పుల మీద పడి, చర్రుమని పొగై లేచి, తిరిగి మాంసానికే అంటుకోవడం. దావత్‌లో కబాబ్ నోట్లో పెట్టుకోగానే తెలిసే వాసన ఎక్కువగా ఈ రెండో పనిదే, మసాలాకు అందులో వాటా తక్కువ. చిక్కేమిటంటే ఆరోగ్యానికి చెరుపు చేసే పాలీసైక్లిక్ అరోమాటిక్ హైడ్రోకార్బన్లు కూడా ఆ పొగలోనే ఉంటాయి, వాటిలో కొన్ని క్యాన్సర్‌కు దారితీసేవి. రుచీ కీడూ ఒకే పొగలో ఎక్కి వస్తాయి. కాబట్టి పొగను తీసేసిన ప్రతి ఆవిష్కర్తకూ రుచిలో కొంత తీసేయక తప్పలేదు. ఎవరు ఎంత తీశారన్నదే తేడా.

తెలుగు నేల మీద ఈ ప్రశ్నను పట్టుకున్న ఇంజినీరు మాంసం కోసం పట్టుకోలేదు. వంటింట్లో కళ్ళు మండి దగ్గే ఆడవాళ్ళ కోసం పట్టుకున్నాడు. ఆయన హైదరాబాద్ ఇంజినీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌కు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు. ఇదే ఆలోచనతో 1947లో వేరేచోట, వార్ధా మగన్‌వాడీలో "మగన్ చూల్హా" అనే పొగగొట్టం పొయ్యి తయారైంది. రాజు రూపొందించిన పొయ్యికి ప్రయోగశాల పేరులోని అక్షరాలతో "హెర్ల్ చులా" అని పేరొచ్చింది. 1953లో మద్రాసు క్రిస్టియన్ లిటరేచర్ సొసైటీ ఆయన పుస్తకం "స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్" అచ్చేసింది. పుస్తకం పేరులోనే ఆశయం ఉంది: కోట్లమందికి పొగ లేని వంటిల్లు.

ఆ పొయ్యి మట్టితో కట్టుకునేది, కొనే సరుకు దాదాపు ఉండదు. కట్టెలు పెట్టే నోరు ఒక్కటే. మంట మొదటి గిన్నె కింద మండి, వేడి గాలి లోపలి దారి గుండా తర్వాతి గిన్నెల కిందికి పాకి, చివర పొగగొట్టం గుండా ఇంటి కప్పు మీదికి పోతుంది. మొదటి గిన్నె మీద అన్నం ఉడుకుతుంటే వెనక గిన్నెలో నీళ్ళు కాగుతాయి. కొలతలు కచ్చితంగా ఉండాలి. గిన్నె అడుగు, పొయ్యి కన్ను ఒకదానికొకటి అతుక్కోవాలి, సందు ఉంటే లాగుడు పోతుంది.

ఆ చివరి షరతే నాకు ఆసక్తిగా అనిపిస్తుంది. కన్ను మూసి ఉంటేనే పొయ్యి పొగ లేనిది. మక్క కంకి కాల్చుకుందామని గిన్నె దించితే పొగంతా ఇంట్లోకే. అంటే పొగ లేని మొదటి వంటిల్లు కాల్చడాన్ని బయటకు పంపి ఉడకబెట్టడాన్ని ఉంచుకుంది. పొయ్యి ఎంత మంచిదైనా ఇల్లాలికి పచ్చడి వంకాయ ఎక్కడ కాల్చుకోవాలో చెప్పదు. 1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ పథకం మొదలుపెట్టి 2002 దాకా నడిపింది. కట్టించిన పొయ్యిల్లో చాలావాటిని కొన్నాళ్ళకే వదిలేశారు. గొట్టంలో మసి పేరుకుంటే దులిపేవాళ్ళు లేకపోవడం, మట్టి పగిలితే బాగుచేసే మేస్త్రీ ఊళ్ళో లేకపోవడం అందుకు కారణాలు. అయినా ఈ దేశపు పల్లె వంటింటి పొగ గురించి ఒక ఇంజినీరు కొలతలతో సహా పుస్తకం రాసిన తొలి సందర్భాల్లో అదొకటి, అదీ హైదరాబాదు నుంచి. రాజు పేరు మన పాఠ్యపుస్తకాల్లో కనబడకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది.

పొగగొట్టం పొయ్యిని నిజంగా పక్కకు నెట్టింది గ్యాస్. 1955లో బొంబాయిలో బర్మా షెల్ ఎల్‌పీజీ అమ్మడం మొదలుపెట్టింది. 1965లో ఇండేన్ మొదటి కనెక్షన్ కలకత్తాలో ఇచ్చింది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం పేద ఇళ్ళకు సిలిండర్ తెచ్చింది. గ్యాస్‌తో మంట మళ్ళీ కంటికి కనబడింది, వంకాయకు, కంకికి దారి దొరికింది. బర్నర్ మీద రొట్టె జాలీ పెట్టి కాల్చని ఇల్లు మన దగ్గర తక్కువ. కానీ కొవ్వున్న మాంసాన్ని జాలీ మీద పెడితే చుక్కలు బర్నర్ రంధ్రాల్లో పడతాయి, మంట ఎగుస్తుంది, పొయ్యి చుట్టూ జిడ్డు. గ్యాస్ పొయ్యిని తయారు చేసినవాళ్ళు గిన్నె అడుగును దృష్టిలో పెట్టుకున్నారు, మాంసం తునకను కాదు.

కరెంటు కథ వేరే చోట మొదలైంది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో కరెంటుతో నడిచే నమూనా వంటింటిని పెట్టి జనానికి చూపించారు. చూడటానికి బాగుంది, ఇంటికి తీసుకుపోవడానికి పనికిరాలేదు. కారణం తీగ. ఎర్రగా కాగి గంటల తరబడి నిలబడే తీగ అప్పటికి చవకగా లేదు. ఇనుప తీగ గాలిలో తుప్పై రాలిపోతుంది. ప్లాటినం నిలుస్తుంది, కానీ దానితో పొయ్యి చేయించుకునేది మహారాజులే. 1905 ప్రాంతంలో షికాగోలో ఆల్బర్ట్ మార్ష్ అనే లోహ శాస్త్రవేత్త సుమారు నాలుగు వంతుల నికెల్‌కు ఒక వంతు క్రోమియం కలిపి తీగ లాగాడు. 1906లో పేటెంటు వచ్చింది. ఆ తీగ కాగినప్పుడు పైన క్రోమియం ఆక్సైడ్ పలచటి పొరగా ఏర్పడి, లోపలికి గాలి సోకనివ్వదు. తన తుప్పే తనకు కవచం. నిక్రోమ్ అని పిలిచే ఆ తీగ రాకపోతే ఇస్త్రీ పెట్టె, హీటరు, టోస్టరు, గ్రిల్లు ఏవీ ఇంటింటికీ చేరేవి కావు.

తీగ అమెరికాలో తయారవుతున్న కాలానికి దాన్ని కాగబెట్టే బొగ్గు మన దగ్గర బయటపడి ముప్ఫై ఏళ్ళు దాటింది. భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు పొరల్ని గుర్తించాడు. ఇప్పటి మహబూబాబాద్ జిల్లాలోని డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు పట్టాలు పడింది ఆ బొగ్గును తీసుకురావడానికే. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఆ పేరుతో ఏర్పడింది. భూపాలపల్లి గనుల వంతు చాలా తర్వాత వచ్చింది. గనుల ఊళ్ళ పాత కార్మికవాడల్లో సాయంత్రమైతే రాక్షసి బొగ్గు పొయ్యిల పొగ వీధంతా కమ్మేది. ఆ బొగ్గునే ఇప్పుడు ఒకేచోట కాల్చి తీగల మీద పంపిస్తున్నారు.

కరెంటు తీగ, వేడి పలక, మాంసం. ఇక్కడ మనకు సొంతమైన పూర్వ కథ ఒకటి ఉంది. హైదరాబాదు పత్తర్ కా గోష్త్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వేటకు వెళ్ళినప్పుడు వంటవాళ్ళు కబాబ్ సీకులు మరిచిపోయారట. పక్కనున్న గ్రానైటు బండను నిప్పుల మీద కాగబెట్టి, మాంసాన్ని పలచగా పరిచి కాల్చి పెట్టారట. వేట కథకు సాక్ష్యం ఏమీ లేదు, వంటకం మాత్రం నిజం, ఇప్పటికీ పాతబస్తీలో దొరుకుతుంది. పొగ లెక్కలో చూస్తే ఆ బండ చేసిన పని గొప్పది. కొవ్వు నిప్పుల మీద పడకుండా అడ్డుకుంది. కరిగిన కొవ్వు బండ మీదే ఉండి మాంసాన్ని కాల్చింది. పలక గ్రిల్లులన్నిటికీ ఉన్న సూత్రం ఇదే. నిప్పుకూ కొవ్వుకూ మధ్య ఒక అడ్డం.

బండతో చిక్కు అతుక్కోవడం. ఇనుప పలకతోనూ అంతే. ఆ చిక్కు విడిపోవడం కాకతాళీయం. 1938 ఏప్రిల్ 6న అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ ఫ్రిజ్‌లకు వాడే కొత్త వాయువు కోసం పని చేస్తున్నాడు. ఒక సిలిండర్ కవాటం తిప్పితే వాయువు రాలేదు. ఖాళీ అయిందా అంటే బరువు తగ్గలేదు. కోయించి చూస్తే లోపల మైనంలాంటి తెల్లటి పొడి. అదే తర్వాత టెఫ్లాన్ అయింది. ఏదీ దానికి అంటుకోదు, కాబట్టి దాన్ని గిన్నెకు అంటించడమే పెద్ద పరీక్ష. 1954లో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అల్యూమినియం మీద దాన్ని నిలబెట్టే పద్ధతి కనిపెట్టాడు. చేపల గాలానికి వాడుకునేవాడని, భార్య కొలెట్ అడిగితే పెనానికి పూశాడని కథ. 1956లో టెఫాల్ కంపెనీ పుట్టింది.

ఇక 1990ల మొదట్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో మైకేల్ బోమ్ అనే ఆవిష్కర్త ఒక చిన్న మార్పు చేశాడు. పలకను వాలుగా పెట్టాడు. అంతే. కింద పలక, పైన పలక, రెండూ కాగుతాయి. కాబట్టి మాంసాన్ని తిప్పక్కర్లేదు, సమయం సగం. పలకలోని గాడుల గుండా కొవ్వు ముందున్న చిన్న ట్రేలోకి జారుతుంది. పై పలక కీలు బిగుతుగా ఉండదు, ముక్క మందాన్ని బట్టి లేస్తుంది. జారిపోయిన కొవ్వు పలక మీద మాడదు కాబట్టి పొగ తగ్గుతుంది. "పొగ ఎటు పోవాలి" అన్నదానికి బోమ్ జవాబు, పొగ పుట్టేలోపే కొవ్వును దించేయడం.

ఆ గ్రిల్లును బోమ్ పేరుతో ఎవరూ కొనలేదు. సాల్టన్ కంపెనీ 1994లో దాన్ని బాక్సర్ జార్జ్ ఫోర్‌మన్ పేరుతో మార్కెట్లో పెట్టింది. 1974లో కిన్షాసాలో ముహమ్మద్ అలీ చేతిలో ఓడిన ఫోర్‌మన్ అదే 1994 నవంబరులో 45 ఏళ్ళ వయసులో హెవీవెయిట్ ప్రపంచ టైటిల్ తిరిగి గెలిచాడు. తగ్గిన కొవ్వు, నవ్వే పెద్దమనిషి, కుటుంబం, అమ్మకానికి అంతకంటే ఏం కావాలి? 1999లో ఆయన పేరు వాడుకునే హక్కును సాల్టన్ 13 కోట్ల 75 లక్షల డాలర్లకు కొనేసింది. ఆ గ్రిల్లులు పది కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. ఫోర్‌మన్ 2025 మార్చిలో చనిపోయినప్పుడు వార్తల్లో రింగు ఎంత కనిపించిందో గ్రిల్లూ అంతే కనిపించింది. వాలు పెట్టినాయన పేరు మాత్రం చాలామందికి తెలియదు.

జపాన్‌లో జవాబు ఇంకో దిక్కు నుంచి వచ్చింది. అక్కడి యాకినికు హోటళ్ళలో బల్ల మధ్యన నిప్పు పెట్టి ఎవరి మాంసం వాళ్ళే కాల్చుకుంటారు. కొరియా నుంచి వచ్చినవాళ్ళు అలవాటు చేసిన తిండి. తిని బయటికొస్తే బట్టలన్నీ పొగ వాసన. నగోయాకు చెందిన షిన్పో కంపెనీ 1980లో పొగ లేని రోస్టరు తెచ్చింది. పొగ పైకి లేవకముందే జాలీ అంచుల నుంచి కిందికి లాగి, నేల కింది గొట్టాల గుండా బయటకు పంపడం దాని పని. అంచులో నుంచి పీల్చడం వల్ల కొవ్వు నిప్పుల మీదే పడుతుంది, పొగ వాసన మాంసానికి కొంత అంటుతుంది, తినేవాడి చొక్కాకు అంటదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో రుచిని ఎక్కువగా కాపాడిన జవాబు ఇదే. అద్దె ఫ్లాటులో నేల తవ్వి గొట్టం వేయలేం, అదొక్కటే అడ్డం.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. హోటళ్ళలో సాలమాండర్ అనే గ్రిల్లు, ఇళ్ళలో ఓటీజీ (ఓవెన్ టోస్టర్ గ్రిల్) పై రాడ్డు మాంసానికి నెత్తి మీద నుంచి వేడి కొడతాయి. కొవ్వు కింది చల్లటి ట్రేలో పడుతుంది, మాడదు. పక్కల నుంచి పరారుణ కిరణాలతో కాల్చే గ్రిల్లులూ వచ్చాయి, వాటిలోనూ ట్రే చల్లగానే ఉంటుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ డెర్ వైజ్ ఆలోచనతో ఫిలిప్స్ 2010లో బెర్లిన్ ప్రదర్శనలో ఎయిర్ ఫ్రయర్ చూపించింది. చిన్న గదిలో వేడి గాలిని జోరుగా తిప్పడం దాని పని. పేరులో వేపుడు ఉంది గానీ నిజానికి అది చిన్న ఓవెన్. మామూలు మైక్రోవేవ్‌లో కాల్చుదామనుకుంటే కుదరదు. అది ముక్కలోని నీటిని వేడెక్కిస్తుంది, నీరు వంద డిగ్రీల దగ్గరే ఆగుతుంది, ఎర్రబడటానికి కావాల్సిన వేడి రాదు.

ఇప్పుడు కొనడం సంగతి.

గ్రిల్లు కంటే ముందు గోడ చూడాలి. మన ఇళ్ళలో చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర 1380 వాట్లకు మించి దాని మీద మోపకూడదు. 2000 వాట్ల గ్రిల్లు 8.7 ఆంపియర్లు లాగుతుంది. దానికి పెద్ద పిన్నుల 16 ఆంపియర్ల సాకెట్ కావాలి. చాలా అద్దె వంటిళ్ళలో అలాంటిది ఒక్కటే ఉంటుంది, దానికి ఫ్రిజ్ తగిలించి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌తో సర్దుకుందామనుకునే వాళ్ళే ఎక్కువ, వైరు కాగి ప్లాస్టిక్ వాసన వచ్చేది అక్కడే.

రెండో సంగతి కంపెనీలు చెప్పవు. బోమ్ రెండు పలకల గ్రిల్లు అమెరికన్ల బర్గర్ బిళ్ళకు పుట్టింది. సమంగా, ఎముక లేకుండా, అరచేతిలా. మన చికెన్ తునకలో ఎముక ఉంటుంది. కాలు ముక్క ఒక పక్క ఎత్తు, ఒక పక్క సన్నం. పై పలక ఎముక దగ్గర ఆగిపోతుంది, కండకు తగలదు. పైన మాడి, ఎముక పక్కన రక్తం కనబడే ముక్క వస్తుంది. పైగా మనం పెరుగూ అల్లం వెల్లుల్లీ కలిపి తడిగా నానబెడతాం. ఆ తడి రెండు పలకల మధ్య ఆవిరై ముక్కను ఉడకబెడుతుంది. బోన్‌లెస్, పనీర్, సాండ్‌విచ్ అయితే రెండు పలకల గ్రిల్లు బాగా పని చేస్తుంది. ఎముక ముక్కలు తినే ఇంటికి నన్నడిగితే పై రాడ్డున్న ఓటీజీ, లేదా కాస్త పెద్ద ఎయిర్ ఫ్రయర్ చెప్తాను. కొర్రమీను ముక్కలకూ వంకాయకూ కంకికీ ఒకే పలకతో తెరిచి ఉండే గ్రిల్లు మేలు, తిప్పుకుంటూ చూసుకోవచ్చు. ఏది కొన్నా ముక్కలు పెట్టేముందు మసాలా ముద్దను తుడిచేసి పలచగా నూనె రాయడం మంచిది. పొగలో కొంత మాడిన మసాలాదే.

కింద నీళ్ళ ట్రే ఉన్న గ్రిల్లు నిజంగా పొగ తగ్గిస్తుంది. కొవ్వు నీళ్ళలో పడి చల్లబడుతుంది. కడిగే బాధ మాత్రం దానితోనే ఎక్కువ. పలకలు ఊడివచ్చి సింకులో కడుక్కునేలా ఉన్నాయా లేదా అన్నది దుకాణంలోనే చేత్తో తీసి చూడాలి. ఊడిరాని గ్రిల్లు కొన్నవాళ్ళలో చాలామంది కొన్నాళ్ళకే దాన్ని అటకెక్కిస్తారు. నాన్‌స్టిక్ పలకను ముక్కలు పెట్టకుండా ఖాళీగా కాగనివ్వకూడదు. టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా బాగానే ఉంటుంది, ఆపైన దెబ్బతింటూ పోతుంది. మరీ కాగితే వచ్చే ఆవిరి పెంపుడు పక్షుల ప్రాణం తీస్తుంది. చిలుకల పంజరం వంటింటి దగ్గర ఉంటే మరీ జాగ్రత్త.

ఎగ్జాస్ట్ చిమ్నీ ఉంది కదా అంటారు. గొట్టం బయటికి ఉన్న చిమ్నీ వేరు, ఫిల్టర్ గుండా గాలిని తిరిగి ఇంట్లోకే వదిలేది వేరు. రెండోది జిడ్డును పట్టుకుంటుంది, వాసనను పూర్తిగా పట్టుకోదు. శ్రావణంలోనో కార్తీకంలోనో నీచు మానేసిన పక్కింటివాళ్ళుంటే ఆ తేడా కారిడార్‌లో తెలుస్తుంది. ఆ నెలల్లో పనీరూ మక్క కంకులూ కాల్చుకునేవాళ్ళున్నారు, గొడవ లేదు.

బొగ్గుల సిగ్డీని మాత్రం ఫ్లాటులోకి తేకూడదు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. కట్టె బొగ్గు బాగా అంటుకున్నాక పొగ దాదాపు కనబడదు, అదే దాని మోసం. మూసిన గదిలో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపట్టినట్టు ఉండి మనిషి లేవడు. చలికాలంలో కుంపటి పెట్టుకుని పడుకుని చనిపోయినవాళ్ళ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. బొగ్గు మీదే కాల్చాలని మనసైతే డాబా ఉంది.

రుచి సంగతికి వస్తే, కరెంటు గ్రిల్లు మొదటి పని బాగా చేస్తుంది, ముక్క ఎర్రబడుతుంది. కొవ్వు పొగ మాత్రం రాదు, రాకుండా ఉండాలనే దాన్ని తయారు చేశారు. దీనికి హైదరాబాదీ వంటింట్లో ఎప్పటి నుంచో ఒక మందు ఉంది, దుంగార్ అంటారు. కాల్చిన ముక్కల్ని గిన్నెలో వేసి, మధ్యలో చిన్న కటోరా పెట్టి, గ్యాస్ మీద ఎర్రగా కాల్చిన ఒక్క బొగ్గు ముక్క అందులో వేసి, చెంచా నెయ్యి చుక్కలుగా పోసి వెంటనే మూత పెట్టాలి. కిటికీ తెరిచి ఉంచి కొద్ది నిమిషాలు ఆగితే చాలు. కొవ్వు నిప్పు మీద పడటం, పొగ లేచి ముక్కకు అంటుకోవడం, రెండూ మూత కిందే జరిగిపోతాయి. రాజు గొట్టంలో, షిన్పో నేల కింద, బోమ్ వాలులో వదిలించుకోవాలని చూసిన పొగలోంచి ఒక చెంచాడు వెనక్కి తెచ్చుకోవడం అన్నమాట. బొగ్గు బదులు కొబ్బరి చిప్ప ముక్కను కాల్చి పెట్టినా పని జరుగుతుంది.

ఇన్ని గ్రిల్లుల్లో ఒక్కటి కూడా మేక తలకాయనూ కాళ్ళనూ కాల్చదు. వెంట్రుక కాలి, చర్మం నల్లబడి, గీకితే కింద తెల్లగా రావాలంటే నేరుగా మంటే కావాలి, అదీ అంత వాసనతోనే. అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఒప్పుకోరు. అందుకే ఆదివారం పొద్దున మటన్ దుకాణం పక్కన గ్యాస్ బర్నర్ పట్టుకుని ఒకతను కూర్చుంటాడు. తలకాయలు, కాళ్ళు వరసలో పెట్టించుకుని, కాల్చి, గీకి, ముక్కలు కొట్టి ఇస్తాడు. ఫ్లాట్లు పెరిగిన కొద్దీ అతని ముందు వరస కూడా పెరుగుతోంది.